సవరణ: ప్యాట్సీ క్లైన్ రికార్డుల గురించి

అమెరికాలో ‘కంట్రీ’ అనే జానపద మూలాలున్న సంగీత శైలి గాయని ప్యాట్సీ క్లైన్‌పై ఇంతకుముందు వెలువడిన వ్యాసంలో, 1957లో ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ విజయం తర్వాత ఆమెకు వరుసగా హిట్లు వచ్చాయనీ, ‘క్రేజీ’ పాట ఒక్క పూటలో రికార్డయిందనీ ఉంది. ఈ రెండూ సరికావు.

ఆ తొలి విజయం తర్వాత మరో పెద్ద హిట్ కోసం ఆమె 1961 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. 1954లో ఫోర్ స్టార్ రికార్డు కంపెనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆ కంపెనీ చేతిలో ప్రచురణ హక్కులున్న పాటలనే ఆమె పాడాలి. అందువల్ల ఆ ఏళ్ల వైఫల్యాన్ని ఆమె గొంతుకు అంటగట్టడం అన్యాయం. 1960లో డెక్కా రికార్డు సంస్థతో నేరుగా ఒప్పందం చేసుకున్నాక, నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ ఆధ్వర్యంలో పాడిన ‘ఐ ఫాల్ టు పీసెస్’ కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

విల్లీ నెల్సన్ రాసిన ‘క్రేజీ’ విషయానికొస్తే, 1961 జూన్‌లో జరిగిన కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన ఆమె, ఆగస్టులో నాష్‌విల్ స్టూడియోకు వచ్చినప్పటికి పక్కటెముకల నొప్పి తగ్గక పై స్వరాలు అందుకోలేకపోయారు. ఆనాడు వాద్యభాగాన్ని పూర్తిచేసి, కొంత కోలుకున్నాక మరో రోజు ఆమె గాత్రాన్ని దానికి జతచేశారు. ఇప్పుడు ఎన్నిసార్లు విన్నా ఆ పాటలో ఆయాసం జాడే కనిపించదు.

అలాగే, ‘గ్రేటెస్ట్ హిట్స్’ ఆల్బం ఆమె జీవితకాలంలోనిది కాదు. 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో ఆమె మరణించాక, 1967లో విడుదలైంది. ఆమె బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బంలు మూడే.