బండి అమ్మకండి, టైర్లు మార్చండి

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. హ్యూస్టన్ నుంచి మిషిగన్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, డిసెంబర్ మొదటి వారంలో ఇక్కడ నోవైలో జాయిన్ అవ్వాలి. "అన్నయ్యా, నా బండి రియర్ వీల్ డ్రైవ్, లాగేది వెనక రెండు చక్రాలే. అక్కడ స్నోలో అడుగు కూడా కదలదు, వచ్చేలోపే అమ్మేసి నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో అని అందరూ అంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. వాడిది మెర్సిడెస్ సీ 300. మూడేళ్లు డబ్బు కూడబెట్టి ముచ్చటపడి కొనుక్కున్న బండి. రేపోమాపో నష్టానికి అమ్మేసేలా ఉన్నాడు. "ముందు టైర్లు ఏమున్నాయో చెప్పరా" అన్నాను. "ఏమున్నాయంటే... బండితో పాటు వచ్చినవే" అన్నాడు.

నా కోపం వాడి మీద కాదు. వాడికి సలహా ఇచ్చిన పదిమందిలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదే, దాని మీద. ఇక్కడ మన తెలుగువాళ్ల ఇళ్లలో చలికాలం మాటలు ఎప్పుడొచ్చినా ఇంతే. ఏ బండి, ఎన్ని చక్రాలు లాగుతాయి అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. నేలను పట్టుకునేది టైరు. దాని ఊసే ఉండదు. ఈ మాట గట్టిగా అనడానికి నాకు అర్హత ఉంది, ఎందుకంటే ఈ తప్పు నేనే చేశాను, చేసినప్పుడు బండిలో నా భార్య ఏడో నెల గర్భంతో నా పక్కన కూర్చుని ఉంది.

నాలుగేళ్ల కిందటి సంగతి. నా బండి బీఎండబ్ల్యూ 330ఐ, డాలస్‌లో ఉండగా తీసుకున్నది. స్పోర్ట్ ప్యాకేజీ, 19 అంగుళాల చక్రాలు, ముందు టైర్లు 225, వెనక టైర్లు 255 మిల్లీమీటర్ల వెడల్పు. డాలస్ ఎండలో ఆ టైర్లు రోడ్డుకి అతుక్కుపోయేవి. అక్టోబర్‌లో ట్రక్కు మీద ఎక్కించి ఇక్కడికి తెప్పించుకున్నాను. అవి సమ్మర్ టైర్లు అని నాకు తెలియదు. టైర్లలో ఎండాకాలానికీ చలికాలానికీ వేరువేరు ఉంటాయన్న సంగతే అప్పటిదాకా తెలియదు.

నవంబర్ నడిమిలో మొదటి స్నో పడింది, మూడంగుళాలు ఉంటుందేమో. ఆ రోజు డాక్టర్ అపాయింట్‌మెంట్. గరాజ్ లోంచి వెనక్కి దిగడం బాగానే దిగాను. డ్రైవ్‌వే చివర, స్నో తీసే ట్రక్కు వీధిలో మంచునంతా పక్కకి నెట్టి మోకాలి ఎత్తు గట్టు వేసి పోయింది. పారతో తవ్వి దారి చేశాను. వీధిలోకి వచ్చాక గేర్ మార్చి యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనించానో లేదో, మీటర్ల మధ్యలో పసుపు దీపం, కారు కింద వంకర గీతలుండే బొమ్మ, టకటకా కొట్టుకోవడం మొదలైంది. వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. తిరిగినకొద్దీ కింద మంచు కరిగి, నునుపెక్కి, అద్దంలా అయిపోతోంది. ఎలాగో కదిలింది. కదలకపోయినా బాగుండేదని తర్వాత అనిపించింది.

నోవై రోడ్ నుంచి గ్రాండ్ రివర్ మీదకి కుడివైపు తిరిగేటప్పుడు బండి వెనక భాగం పట్టు తప్పి పక్కకి జారిపోయింది. అదెలా ఉంటుందో అనుభవించని వాళ్లకి చెప్పడం కష్టం. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంటుంది, బండి మాత్రం మీది కాదు. కంగారులో బ్రేక్ తొక్కేశాను. బండి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా తిరిగి, వచ్చిన వైపే ముఖం పెట్టి ఆగింది. ఎదురుగా వస్తున్న పికప్ ట్రక్కు డ్రైవర్ ముందే చూసి ఆపుకున్నాడు కాబట్టి ఈ పోస్ట్ రాస్తున్నాను. మా ఆవిడ ఒక చేత్తో తలుపు పిడి, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని ఉంది. ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కూడా అనలేదు.

ఆ బండి తీసి గరాజ్‌లో పెట్టేశాను. తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే మాట, లగ్జరీ సెడాన్ స్నోకి కాదు, అమ్మెయ్, ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ తీసుకో. నేనూ వెతకడం మొదలుపెట్టాను.

డిసెంబర్‌లో పురుడుకని అమ్మానాన్న వచ్చారు. మాది తెనాలి దగ్గర ఊరు, నాన్న నలభై ఏళ్లు వరి పండించిన మనిషి. ఒకరోజు గరాజ్‌లో ఊరికే ఉన్న బండి చుట్టూ తిరిగి, "దీన్ని ఎందుకు అమ్ముతున్నావురా?" అన్నారు. లాగేది వెనక చక్రాలు నాన్నా, మంచులో జారుతోంది అని చెప్పాను. ఆయన వంగి టైరు మీద గోరుతో నొక్కి చూశారు. "రాయిలా ఉంది. మన ట్రాక్టర్‌కి మాత్రం లాగేది వెనక చక్రాలు కాదా? దమ్ములో దించేటప్పుడు ట్రాక్టర్ అమ్ముకుంటామా, దమ్ము చక్రాలు వేసుకుంటామా?" అన్నారు.

ఆయన ఎన్నడూ కారు నడపలేదు. స్నో చూడటం అదే మొదటిసారి. ఇక్కడ ఇరవయ్యేళ్లుగా ఉంటున్నవాళ్లు ఎవరూ చెప్పని మాట వచ్చిన నాలుగో రోజు చెప్పారు. ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

నాకు అర్థమైంది ఇది. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళ్లేసరికి గట్టిపడిపోతుంది, పట్టు పోతుంది. స్నో పడక్కర్లేదు, పొడి రోడ్డు మీద కూడా. వింటర్ టైరు రబ్బరు గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టు వందలకొద్దీ సన్నటి చీలికలుంటాయి. అవి మంచుని కరుచుకుంటాయి. వెడల్పు టైరు ఎండలో అందమే కానీ, స్నోలో తెప్పలా పైన తేలుతుంది. సన్నటి టైరు కోసుకుంటూ కిందకి దిగుతుంది. వీటికి తోడు నా బండి ఇంజిన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగానే, 1,550 ఆర్‌పీఎమ్ దగ్గరే, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇచ్చేస్తుంది. అంత బలం, రాయిలాంటి రెండు వెడల్పు టైర్లకి, ఐస్ మీద. తిరగక ఏం చేస్తాయి?

వెనక చక్రాల బండికి ఇబ్బంది లేదని నేను అనను. ముందు చక్రాలు లాగే బండిలో ఇంజిన్ బరువు ఆ చక్రాల మీదే కూర్చుంటుంది కాబట్టి కదలడం తేలిక. నా బండిలో బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. పైగా ముందు చక్రాల బండి పట్టు తప్పితే ఎక్కువగా నేరుగా పోతుంది, వెనక చక్రాల బండి తోక విసురుతుంది. అలవాటు లేనివాడికి ఈ రెండోదే ఎక్కువ భయం. ఇవన్నీ నిజాలే. కానీ వీటిలో ఒక్కటి కూడా బ్రేక్ గురించి కాదు.

బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆల్ వీల్ డ్రైవ్ మిమ్మల్ని కదిలిస్తుంది. ఆపదు. మలుపులో కూడా టైరుకి పట్టు లేకపోతే అది కొత్తగా తెచ్చిపెట్టేది లేదు. చక్రాలు ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ అయినా, బండి అదుపు తప్పి పక్కకి జారకుండా చూసే, 2012 మోడల్ నుంచి అమెరికాలో ప్రతి కారుకీ తప్పనిసరి చేసిన స్టెబిలిటీ కంట్రోల్ అయినా, ఉన్న పట్టుని పొదుపుగా వాడతాయి, లేనిదాన్ని సృష్టించలేవు. ఇంకా చెప్పాలంటే ఆల్ వీల్ డ్రైవ్‌లో ఒక ప్రమాదం ఉంది. చక్రం తిరగదు, తోక ఊగదు, బండి హాయిగా స్పీడ్ అందుకుంటుంది. రోడ్డు ఎంత జారుడుగా ఉందో మీకు తెలిసేది బ్రేక్ మీద కాలు పెట్టినప్పుడే.

మా కాలనీలో ఉండే మిత్రుడికి అలాగే తెలిసింది. పెద్ద ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ, మూడు చలికాలాలు అరిగిన ఆల్ సీజన్ టైర్లు. చిన్న పల్లం, చివర స్టాప్ సైన్. పాతిక మైళ్ల వేగం కూడా లేదంటాడు. స్టాప్ సైన్ దాటి, వీధి దాటి, ఎదురింటి మెయిల్‌బాక్స్‌ని విరగ్గొట్టి ఆగాడు. వెనక సీట్లో స్కూల్‌కి వెళ్తున్న ఇద్దరు పిల్లలు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.

నేను 18 అంగుళాల చక్రాల మీద నాలుగు వింటర్ టైర్లు తీసుకున్నాను, నాలుగూ ఒకే సైజు, 225. చక్రాలతో కలిపి 1,400 డాలర్లు అయ్యాయి. చాలా ఎక్కువ అన్నారు అందరూ. కొత్త 330ఐకి ఆల్ వీల్ డ్రైవ్ కావాలంటేనే రెండువేలు ఎక్కువ కట్టాలి, దానికి ఎవరూ ఎక్కువ అనరు. పైగా చలికాలం నాలుగైదు నెలలు వేసవి టైర్లు గరాజ్‌లో అరగకుండా ఉంటాయి, ఆ లెక్క వేసుకునేవాళ్లు లేరు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే, ఎవరూ లేని ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లాం, నేనూ ఆ మిత్రుడూ. కింద నాలుగంగుళాల స్నో. ఇద్దరం ఇరవై మైళ్ల వేగంలో ఒకే దీపస్తంభం దగ్గర బ్రేక్ తొక్కాం. ఆయన ఎస్‌యూవీ నా సెడాన్ కన్నా ముందుకెళ్లి ఆగింది, మూడు కార్లు పట్టే దూరం. ఆయన దిగి, నా టైరు దగ్గర కూర్చుని, చేత్తో తడిమి చూశాడు. మర్నాడే ఆర్డర్ పెట్టాడు.

ఆ పార్కింగ్ లాట్‌లో ఇంకో రెండు ఆదివారాలు కావాలనే బండిని జారనిచ్చి నేర్చుకున్నాను. రియర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లందరూ ఈ పని చెయ్యండి. తోక జారితే యాక్సిలరేటర్ మీద కాలు తియ్యండి, బ్రేక్ తొక్కకండి, మీరు వెళ్లాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ అటే తిప్పండి. కళ్లు ఎటు ఉంటే చేతులు అటే పోతాయి. గట్టిగా బ్రేక్ వేయాల్సి వచ్చి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గరగరా కొట్టుకుంటే భయపడి కాలు తీయకండి, అది దాని పని చేసుకుంటోంది. మలుపు ముందే వేగం తగ్గించండి, మలుపులో కాదు. ఈకో మోడ్ పెడితే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది, బయల్దేరడం తేలికవుతుంది. గుంటలో కూరుకుపోతే మాత్రం ట్రాక్షన్ కంట్రోల్ కాసేపు తగ్గించి, ముందుకీ వెనక్కీ ఊపుతూ బయటికి రావాలి, లేకపోతే అది ఇంజిన్ గొంతు నొక్కేసి కదలనివ్వదు. వంతెనల మీద ఇంకా జాగ్రత్త, కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి మిగతా రోడ్డు కన్నా ముందు గడ్డకట్టేవి అవే.

డబ్బు మిగులుతుందని రెండే వింటర్ టైర్లు వేసుకునేవాళ్లున్నారు, ఆ పని అస్సలు వద్దు. వెనక రెండే వేస్తే బండి కదులుతుంది కానీ తిరగదు, సరిగ్గా ఆగదు. ముందు చక్రాల బండికి ముందు రెండే వేస్తే తోక విసిరి గింగిరాలు తిరుగుతుంది. వేస్తే నాలుగూ వెయ్యాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండి రెండో సెట్ దాచుకునే చోటు లేనివాళ్లు ఆల్ వెదర్ టైర్లు చూడండి, ఏడాదంతా ఉంచుకోవచ్చు. ఆల్ సీజన్ వేరు, ఆల్ వెదర్ వేరు. మీరు కొనేదాని పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు పువ్వు గుర్తు ఉండాలి. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, బురద, మంచు) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే చాలదు. జర్మనీలో ఆ అక్షరాలు ఒక్కటే ఉన్న టైర్లు 2024 అక్టోబర్ నుంచి మంచు రోడ్లకి చెల్లవు. మనకి డెట్రాయిట్ నది దాటితే కెనడా, అక్కడ క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టం. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు. లేదు కాబట్టి అవసరం లేదనుకుంటున్నాం. అదే నాకు మింగుడుపడనిది.

ఎవరికి ఆల్ వీల్ డ్రైవ్ నిజంగా కావాలో కూడా చెప్పాలి. ఇంటికి నిటారు డ్రైవ్‌వే ఉన్నవాళ్లకి, మిషిగన్ ఉత్తర భాగం అప్పర్ పెనిన్సులాలో ఉండేవాళ్లకి, ట్రక్కులు దారి తీయకముందే డ్యూటీకి పోవాల్సిన నర్సులకి, డాక్టర్లకి కావాలి. వాళ్లకి కూడా వింటర్ టైర్లతోనే. ఇక నా సెడాన్‌కి కింద ఖాళీ అయిదారు అంగుళాలు, అంతకు మించి పడిన రోజు ఏ టైరైనా పొట్ట మంచు మీద ఆనుతుంది. అలాంటి రోజుల్లో నేను బండి తియ్యను, ఆఫీస్‌కి ఫోన్ చేసి ఇంట్లో నుంచే పని చేస్తాను. మా అమ్మాయి జనవరి 29న పుట్టింది. హాస్పిటల్ నుంచి తనని ఇంటికి తెచ్చింది ఈ బండిలోనే, స్నో పడుతుండగానే. నాన్న ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా రోడ్డు వంక కాదు, నా చేతుల వంక చూశారు.

తమ్ముడికి బండి అమ్మొద్దని చెప్పాను. నిన్న రాత్రి వీడియో కాల్‌లో వాడి చేత ఒక క్వార్టర్ నాణెం తెప్పించి, వాషింగ్టన్ తల కిందకి పెట్టి టైరు గాడిలో దూర్చమన్నాను. తల పైభాగం మొత్తం బయటికే కనపడింది. అంటే గాడి లోతు అంగుళంలో ముప్పైరెండో వంతులు నాలుగు కూడా మిగల్లేదు. "హ్యూస్టన్‌లో ఇన్నాళ్లూ వానలో దీని మీదే తిరిగానా?" అన్నాడు, గొంతు మారిపోయింది. నాలుగు వింటర్ టైర్లు ఇక్కడికే ఆర్డర్ పెట్టించాను, గురువారం మా గరాజ్‌కి వస్తాయి. జాక్, టార్క్ రెంచ్ నా దగ్గర ఉన్నాయి. నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ వైపు ఎవరైనా టైర్లు చూపించుకోవాలనుకుంటే ఆదివారం పొద్దున రండి, మా నాన్న కూడా ఈసారి ఇక్కడే ఉన్నారు.