గిడుగు వారి పండగలో సవర మాటకి చోటుందా?

ఆగస్టు 29 దగ్గర పడుతోంది. సొంతూళ్లకి దూరంగా ఉన్న మన తెలుగు సంఘం చేసే తెలుగు భాషా దినోత్సవానికి హాలు దొరికింది, పిల్లల పద్యాల పోటీకి పేర్లొస్తున్నాయి, పులిహోర ఎవరు చేయాలన్న గొడవ యథావిధిగా మొదలైంది. ఎవరి పుట్టినరోజున ఈ పండగ చేస్తామో ఆ గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. బ్యానరు మీద ఆయన బొమ్మ చూస్తే సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్లకి ఎక్కడలేని గర్వం. నాకు మాత్రం ఈమధ్య దాంతోపాటు కాస్త సిగ్గూ వేస్తోంది.

చిన్నప్పుడు తాతతో సీతంపేట సంతకి వెళ్లేవాణ్ని. కొండ మీంచి సవరలు, అంటే మా వైపు గిరిజనులు, కావిళ్లతో అనాస పళ్లు, కొండచీపుర్లు, చింతపండు దించేవారు. ఓసారి తాత వయసున్న ఒకాయన్ని "ఒరే, పండెంతరా?" అనడిగాను. నాకు పదేళ్లు. ఆయన "నువ్వే సెప్పు బాబూ" అన్నాడు. మేం చెప్పిన ధరకే ఇచ్చి వెళ్లిపోయాడు. మా వీధిలో ఆ వయసు మనిషిని ఒరే అనుంటే తాత నా చెంప పగలగొట్టేవాడు. ఆరోజు మాత్రం పండు వాసన చూస్తూ ఊరుకున్నాడు.

సినిమాల్లో మన యాసని నవ్వులాటకి వాడుకుంటారని మనకెంత కోపం! ఇక్కడి ఆఫీసులో మన ఇంగ్లీషు అర్థంకానట్టు ఎవరైనా మొహం పెడితే ఆ రాత్రి నిద్రపట్టదు. ఆ ముసలాయనకి ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో మనం ఎప్పుడూ లెక్కేసుకోలేదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురిలో కులం పేరుతో తిడితే కేసవుతుంది. పదేళ్ల పిల్లాడి నోట్లోని 'ఒరే'ని ఏ సెక్షను పట్టుకుంటుంది?

గిడుగు గారిని వాడుకభాష కోసం పోరాడిన మనిషిగానే గుర్తుపెట్టుకున్నాం. అంతకుముందే పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న రోజుల్లో ఆయన తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర మన తెలుగుకి చుట్టం కూడా కాదు, ముండా కుటుంబం భాష. అయినా నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకి సవరలోనే బడి పెట్టించారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు పండితులతో కుస్తీ పడుతూనే ఇదంతా చేశారు. అదెలా కుదిరిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

భాషాపరంగా తక్కువమందిగా ఉన్నవారి పిల్లలకి ప్రాథమిక విద్య అమ్మభాషలో చెప్పాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలూ వచ్చాయి. కానీ వాచకం ఉంటే చాలదు, ఆ భాష వచ్చిన పంతులూ ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ కుదరదంది. న్యాయశాస్త్రం నాకు తెలీదు. కానీ కొండ కింద నుంచి వచ్చిన మేస్టారికి సవర ముక్క రాదు, ఒకటో తరగతి పిల్లకి తెలుగు రాదు. ఆ పిల్ల నోరు మెదపకపోతే 'మొద్దు' అని పేరు పెట్టేస్తాం. ఇందులో మొద్దు ఎవరు?

మొన్న కమిటీలో ఈ సంగతి ఎత్తితే ఒకాయన, "అది తెలుగు కాదు కదా, మన సంగానికేటి?" అన్నారు. మన యాసలో ఆ 'ఏటి' అనే ధైర్యం గిడుగు గారు పెట్టిన భిక్షేనని ఆయనకి గుర్తొచ్చినట్టు లేదు.

నేనడిగేది పెద్ద పనేం కాదు. పద్యాల పోటీకీ భోజనాలకీ మధ్య అరగంట ఖాళీ ఉంది. సీతంపేట వైపు బళ్లో సవర చెప్పే ఉపాధ్యాయుణ్ని ఒకర్ని వీడియోలో పిలుద్దాం. ఆయన సవరలోనే మాట్లాడతారు. అర్థంకాక మనం కాసేపు బిక్కమొహం వేద్దాం, తర్వాత ఆయనే తెలుగులో చెబుతారు. ఈసారి శాలువాల ఖర్చు ఆ బడి పిల్లల కథల పుస్తకాలకి పంపుదాం. ఆయన్ని 'గారు' అని పిలిచి వేదిక మీదికి ఆహ్వానించే పని మాత్రం నాకివ్వండి.