గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు ఏం మిగులుతుంది?

"ఒప్పేసుకో, తక్కువ శిక్షతో బయటపడతావు." గంజాయి కేసులో నెలల తరబడి రిమాండ్‌లో ఉన్న కుర్రాడికి జైల్లోనూ, కోర్టు వరండాలోనూ దొరికే సలహా ఇది. శిక్ష ఎక్కువ పడితే హైకోర్టు ఉందిగా అని ఇంట్లోవాళ్లూ ధైర్యం చెప్పుకుంటారు. చట్టంలో ఆ ధైర్యానికి ఆధారం చాలా తక్కువ. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 416వ సెక్షన్ (పాత సీఆర్పీసీలో 375) ప్రకారం, నేరం ఒప్పుకున్నందుకు సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే, ఆ శిక్ష ఎక్కువైందనో చట్టవిరుద్ధమనో మాత్రమే అప్పీలు చేయాలి. నేను దోషిని కానంటూ వెళ్లడానికి వీల్లేదు.

మిగిలిన ఆ దారి కూడా అందరికీ పనికిరాదు. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్షంతా తూకం మీదే ఆధారపడి ఉంది. గంజాయి కిలో లోపైతే ఏడాది మించదు. కిలో నుంచి 20 కిలోల వరకు పదేళ్ల దాకా వేయొచ్చు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, పైన కనీసం లక్ష రూపాయల జరిమానా. ఈ చివరి రకం కేసులో పదేళ్లు పడితే అందులోంచి ఒక్క రోజు తగ్గించే అధికారం హైకోర్టుకూ లేదు. అంటే ఒప్పుకున్నవాడికి దక్కింది శూన్యం, పోగొట్టుకున్నది విచారణ.

ఆ విచారణ జరిగితే ఏం తేలి ఉండేదో చూడండి. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. 21 కిలోలని రాసిన మూటలో పూత ఎంత? తడి ఎంత? సంచి బరువు తీసేశారా? ఎన్‌డీపీఎస్ చట్టం 52ఏ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఎదుట శాంపిళ్లు తీశారా? ఒక్క కిలో అటూఇటూ అయితే పదేళ్ల కనీస శిక్షే ఎగిరిపోయే కేసు అది. నిందితుడు ఒప్పుకున్నాడంటే ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ అడగరు.

మరి ఎందుకు ఒప్పుకుంటారు? కమర్షియల్ క్వాంటిటీ, అంటే 20 కిలోలు దాటిన సరుకు అయితే, అదే చట్టం 37వ సెక్షన్ వల్ల బెయిల్ దాదాపు దొరకదు. అంతకంటే తక్కువ సరుకు కేసుల్లో, ఇప్పటికే జైల్లో ఉన్న కాలాన్నే శిక్షగా లెక్కగట్టి వదిలేస్తారన్న ఆశ. ఆ ఆశ ఒక్కోసారి ఫలిస్తుంది కూడా. కానీ రేపు మళ్లీ కేసు పడితే 31వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లవుతుందని ముందే చెప్పేవాళ్లు ఎంతమంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పాడేరు, చింతపల్లి వైపు నుంచి మూటలు మోస్తూ దొరికే గిరిజన కుర్రాళ్ల సంగతి. ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాడికి అభియోగం తెలుగులో చదివి, "వివరించాం, ఒప్పుకున్నాడు" అని రికార్డులో ఒక్క వాక్యం రాస్తే అది ఒప్పుకోలు ఎలా అవుతుంది? ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసి తీరాలని చట్టం చెప్పలేదు. అది జడ్జి విచక్షణకు వదిలింది. ఎంత శిక్ష పడుతుందో తెలుసా, ఎవరైనా ఆశ చూపారా, లాయర్‌తో మాట్లాడావా అని జడ్జి అతని భాషలో అడిగి, జవాబులు అతని మాటల్లోనే రాయించాలి. కేసులు పేరుకుపోయాయన్నది నిజమే, దానికి పదేళ్ల జైలు కేసులో పది నిమిషాలు మిగుల్చుకోవడం పరిష్కారం కాదు.

తిప్పేస్వామి కేసులో 1980ల మొదట్లోనే సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. తక్కువ శిక్ష ఆశ చూపి ఒప్పించి, తర్వాత అప్పీలులో శిక్ష పెంచడం ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణకు విరుద్ధమంది. 2020లో తూఫాన్ సింగ్ తీర్పు, ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని తేల్చింది. అధికారి గదిలో మాటను అంత అనుమానంగా చూసే న్యాయవ్యవస్థ, కోర్టు హాల్లో భయంతో అన్న మాటనూ అంతే జాగ్రత్తగా చూడాలి. అర్థం కాకుండా చేసిన ఒప్పుకోలు అసలు ఒప్పుకోలే కాదన్న వాదనకు ఆ 416వ సెక్షన్ అడ్డు రాకూడదు.

ఇప్పటికే శిక్ష పడిన కుటుంబాలు ముందు చేయాల్సింది అభియోగం చదివిన రోజు రికార్డు నకలు తీసుకోవడం. హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. దాటితే ఆలస్యానికి కారణం చూపాలి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపొచ్చు, న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.