సవరణ: పాలీప్రొపిలీన్‌లో ఏటీహెచ్ వద్దు

రేణిగుంట, గాజులమండ్యం వైపు స్విచ్‌బాక్సులు పోసే యూనిట్ల కోసం రాసిన గత పోస్టులో, పాలీప్రొపిలీన్ (పీపీ) ప్లాస్టిక్‌లో 30 శాతం అల్యూమినియం ట్రైహైడ్రాక్సైడ్, అదే మంటను అణిచే ఏటీహెచ్ పొడి, కలిపితే వీ-0 (మంట పరీక్షలో త్వరగా ఆరిపోయే ముక్కకిచ్చే గ్రేడు) వస్తుందన్నాం. పొడీ తప్పే, మోతాదూ తప్పే.

ఏటీహెచ్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నీరు వదలడం మొదలుపెడుతుంది. పీపీని కరిగించే మెషీన్ గొట్టం, అంటే బ్యారెల్, వేడి 200–230. మంటను చల్లార్చాల్సిన ఆవిరి కాస్తా మెషీన్‌లోనే బయటపడి, ముక్కలో బుడగలు, పైన వెండి చారలు మిగులుతాయి. చారలు చూసి గుళికలు ఆరలేదనుకుంటారు. హాపర్ డ్రయర్ ఎంతసేపు తిప్పినా లాభం లేదు. అది పైన అంటిన తడి కాదు, ఏటీహెచ్ అణువులోనే ఉన్న నీరు.

పీపీకి మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వాడండి. అది 300 దాటాకే విడిపోతుంది. మోతాదు బరువులో దాదాపు 60 శాతం: 100 కిలోల మిశ్రమంలో 60 కిలోలు పొడే. అంత పోస్తే ముక్క పెళుసవుతుంది, అచ్చు నిండడం కష్టమవుతుంది. పొడికీ ప్లాస్టిక్‌కీ పట్టు కుదిర్చే, మాలెయిక్ ఆన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన (అణువుకు అంటించిన) పీపీ రెండు మూడు కిలోలు వేస్తే కొంత నయం. ఏటీహెచ్‌ను పారేయక్కర్లేదు, ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసే కేబుల్ తొడుగుల్లో, 180 లోపు నడిపితే, బాగానే పనిచేస్తుంది.

ఇంకొకటి. పరీక్షలో మంట 10 సెకన్లలో ఆరినా, మండే బొట్టు పడి కింద పెట్టిన దూది అంటుకుంటే అది వీ-0 కాదు, దానికంటే తక్కువ గ్రేడైన వీ-2.