విదేశాల్లో ఇంగ్లిష్ బోధన: ఏ పట్టా ఎక్కడ చెల్లుతుంది?

హైదరాబాద్‌లో ఇంగ్లిష్ ఎం.ఏ., బీఈడీ పూర్తిచేసి ప్రైవేటు పాఠశాలల్లో పనిచేస్తున్నవారు విదేశాల వైపు చూడగానే ఎదురయ్యేది 120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ (ఇంగ్లిష్‌ను విదేశీ భాషగా బోధించడం) కోర్సు ప్రకటన. ఇలాంటి కోర్సుల్లో చాలావాటికి ఒక్క విద్యార్థికైనా పాఠం చెప్పనక్కర లేదు. ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. టెఫెల్ అనే పేరుపై ఏ ఒక్క సంస్థకూ హక్కు లేదు, దాన్ని ప్రపంచవ్యాప్తంగా నియంత్రించే మండలి కూడా లేదు. మనవారు ఆ కాగితానికి ఇస్తున్న విలువ ఎక్కువనీ, బీరువాలో ఉన్న బీఈడీ పట్టాకు ఇస్తున్న విలువ తక్కువనీ నా అభిప్రాయం.

అలాగని సర్టిఫికెట్లన్నిటినీ ఒకే గాటన కట్టలేం. కేంబ్రిడ్జ్ వారి సెల్టాలోనూ, లండన్ ట్రినిటీ కళాశాల వారి సర్ట్‌టెసాల్‌లోనూ అభ్యర్థి నిజమైన విద్యార్థులకు ఆరు గంటల పాటు పాఠం చెప్పాలి. శిక్షకులు ఆ పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి, టీచర్ ఎంతసేపు మాట్లాడారు, విద్యార్థులకు ఎంతసేపు మాట్లాడే అవకాశం ఇచ్చారు, ఇచ్చిన సూచన అసలు అర్థమైందా అన్నవి అక్కడికక్కడే చర్చిస్తారు. ఇంగ్లండ్ అర్హతల చట్రంలో ఇవి ఐదో స్థాయివే, అంటే డిగ్రీకి ఒక మెట్టు దిగువవి. అయినా భాషా కేంద్రాలు వీటిని గౌరవించడానికి కారణం ఆ ఆరు గంటలే.

మన రెండేళ్ల బీఈడీలో పాఠశాలలో గడపాల్సిన కాలం 20 వారాలు. కాగితం మీద చూస్తే దీని ముందు ఆరు గంటలు ఏపాటివి? కానీ ఆ వారాల్లో పాఠాన్ని ఓపికగా గమనించి, లోపం చూపించే అధ్యాపకులు ఉన్నారా లేదా అన్నది కళాశాలను బట్టి మారుతుంది. లెసన్ ప్లాన్ రికార్డు శుభ్రంగా రాసి సంతకం పెట్టించుకుంటే పని అయిపోయినట్టే భావించే చోట్లు తక్కువేమీ కాదు. బోధనా నైపుణ్యం దృష్ట్యా బీఈడీకి ఉన్న అసలైన లోటు ఇదే.

అయితే వీసా అధికారి చూసేది నైపుణ్యాన్ని కాదు. దక్షిణ కొరియా తన ఇంగ్లిష్ బోధకుల వీసాను ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే ఇస్తుంది. భారత్ ఆ ఏడింటిలో లేదు. జనాభాలో పది శాతం లోపు మందికే ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్న దక్షిణాఫ్రికా మాత్రం ఉంది కాబట్టి, ఆ జాబితాకు తర్కం వెతకడం వృథా. కొరియాకు భారత్‌తో కుదిరి 2010లో అమల్లోకి వచ్చిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మనవారికి సహాయ ఉపాధ్యాయులుగా ఒక సన్నని దారి తెరిచింది. అక్కడ కూడా అడిగేది డిగ్రీతో పాటు ఉపాధ్యాయ అర్హతనే. జపాన్ దారి వేరు: పాఠశాలల్లో విదేశీ భాష బోధించేవారికి ఇచ్చే వీసాకు, ఆ భాషలోనే కనీసం పన్నెండేళ్లు చదివి ఉండాలి. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆపై ఇంగ్లిష్‌లో ఇంటరూ డిగ్రీ మాత్రమే చేసినవారికి ఏ టెఫెల్ సర్టిఫికెట్ కూడా ఆ లోటు పూడ్చదు. కోర్సు అమ్మేవారు ఈ సంగతి ముందుగా చెప్పరు.

మనవారికి నిజంగా తెరిచి ఉన్న తలుపులు ఎక్కువగా పాఠశాలలవే. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ పాఠశాలలు సాధారణంగా కోరేది డిగ్రీ, బీఈడీ, అనుభవం. ఆ పట్టాలకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ ధ్రువీకరణలు ఉండాలి. యూఏఈ లాంటి దేశాలకైతే రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. అమెరికాలో జే-1 వీసాపై నడిచే ఉపాధ్యాయ కార్యక్రమానికి అక్కడి డిగ్రీకి సమానమైన చదువు, కనీసం రెండేళ్ల బోధనానుభవం అవసరం. ఈ రెండు చోట్లా 120 గంటల కాగితం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు.

కాబట్టి బీఈడీ చేసి, బడిలో కొన్నేళ్లు పనిచేసినవారు చేతిలో ఉన్న డబ్బును ముందుగా ధ్రువీకరణలకు కేటాయించడం మేలు. పెద్దలకు భాష నేర్పే వృత్తినే ఎంచుకున్నవారికి సెల్టా ఖర్చు సమంజసమే. దానికి ముందు, ఇంగ్లిష్ ఉపాధ్యాయుల శిక్షణ కోసమే 1958లో మొదలై ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఉన్న మన తార్నాక ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో బోధనా డిప్లొమాలు ఏమున్నాయో వాకబు చేయడం మంచిది. ఒమన్ లాంటి చోట్ల విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి ముందు నడిపే ఫౌండేషన్ కోర్సులకు బోధకులను తీసుకునేటప్పుడు ముందుగా చూసేది ఇంగ్లిష్‌లోనో అనువర్తిత భాషాశాస్త్రంలోనో ఉన్న ఎం.ఏ.నే, సెల్టా బలం దానికి తోడైనప్పుడే.