క్యూ తప్పిన క్రియాపదం

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి పౌరుణ్ణి. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు వాక్యం చేతిలో భంగపడుతున్నవాణ్ణి. ఆ హోదాలో ఒక ఘోరమైన అక్రమాన్ని అందరి దృష్టికీ తెస్తున్నాను. ఇంగ్లీషులో క్రియాపదం క్యూ పాటించడం లేదు. కర్త ఇంకా సర్దుకుని కూర్చోకముందే, కర్మని తోసేసి మధ్యలో దూరిపోతోంది.

మా ఊరి సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండ దిగి సంతకొచ్చేవాళ్ల నోట సవర. ఒకటి ద్రావిడ భాష, ఒకటి ఆర్య భాష, ఇంకొకటి ముండా భాష. ఇంటిపేర్లు కలవవు, గోత్రాలు కలవవు. అయినా మూడూ ఒక్క మాట మీద ఉన్నాయి: క్రియ చివర్న కూర్చోవాలి. 1936 ఏప్రిల్ 1న (తేదీ నేను పెట్టింది కాదు) ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటూ, పక్కనే ఉన్న పాతపట్నం ఇటూ అయిపోయాయి. ఆ గీత వియ్యంకుల్ని విడదీసింది గానీ క్రియాపదాన్ని అంగుళం కదపలేకపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో మేష్టరుగా వచ్చింది మా ఊరికే. ఇక్కడే సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కట్టారు. మహా శ్రమే, కాదనను. కానీ ఆయనకి ఒక్క సుఖం ఉంది. క్రియ కోసం వెతుక్కోనక్కర్లేదు, వాక్యం చివరికెళ్తే అక్కడే ఉండేది.

క్రియ చివరుంటే ఏమిటి లాభం అంటారా? బాకీ ఉన్నవాణ్ణి అడగండి. నేను కిరాణా కొట్టు ముందు నిలబడి, "సావుకారు గారూ, తవఁరికివ్వాల్సిన డబ్బులు మొత్తం రేపు పొద్దున్నే..." అని ఆగి ఆయన మొహం చూస్తాను. కనుబొమలు ముడిపడితే "ఇచ్చేస్తాను". మొహం ప్రశాంతంగా ఉంటే "ఇవ్వలేనండి". ఒడియావాడికి ఇంకా సుఖం. "మూఁ తుమకు కాలి టొంకా దేబి" (నీకు రేపు డబ్బిస్తాను) అనేసి, అవతలివాడు మెత్తబడితే ఆఖర్న "నాహిఁ" (లేదు) తగిలిస్తే సరి. అదే ఇంగ్లీషయితే? "ఐ విల్ నాట్" అని మూడో మాటకే గుట్టు రట్టు. తక్కిన వాక్యమంతా తిట్లు తినడానికే.

ఈ మధ్య ఏడో తరగతి చదివే మా మనవరాలు వర్క్‌షీటొకటి పట్టుకొచ్చింది. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్. ఏది ఏదో గుర్తించాలి. "పొడుగుంటే కాంప్లెక్స్ కదా తాతా?" అంది. మా కాలం నుంచీ నడుస్తున్న పొరపాటే. పొడుగుతో పని లేదే తల్లీ, తమ సొంత కర్తతో కాపురం పెట్టిన క్రియలెన్నో లెక్కపెట్టు అన్నాను. "పొద్దున్నే లేచి, చద్దన్నం తిని, బస్సెక్కి బరంపురం వెళ్లాను" అంటే మనకి పనులు నాలుగు, వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఒక్కటే. లేచి, తిని, ఎక్కి అనేవి ఉమ్మడి కుటుంబంలో తమ్ముళ్లు. పెద్దన్న "వెళ్లాను" వచ్చేదాకా నోరెత్తవు. ఇంగ్లీషులో "ఐ గాటప్ అండ్ వెంట్" అంటే సింపుల్. "ఐ గాటప్ అండ్ ఐ వెంట్" అంటే కాంపౌండ్. అదే మనిషి, అవే పనులు. మధ్యలో ఇంకొక "ఐ" పడగానే వేరు కాపురం, వేరు పొయ్యి. ఒక్క అక్షరానికి ఇంత ఆస్తి పంపకమా!

కాంపౌండ్ అంటే కొఠియా. కోరాపుట్ వైపు ఆ పేరుతో ఉన్న 21 ఊళ్లు మాదంటే మాదని ఒడిశా, ఆంధ్రా పడ్డ తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి మనిషికి అటు రేషన్ కార్డు, ఇటు రేషన్ కార్డు. రెండూ స్వతంత్ర వాక్యాలే, ఏదీ ఇంకొకదాని కింద ఉండనంటుంది, మధ్యలో ఒక "అండ్". ఈ వివరణ విని మనవరాలు బాగా ఆలోచించి, "పరీక్షలో ఇది రాస్తే మార్కులేస్తారా?" అంది.

కాంప్లెక్సు అంటే ఒక ప్రధాన వాక్యం, దాని పంచన ఒక ఆశ్రిత వాక్యం. దాని దగ్గర మాత్రం నాకు నిజంగానే కడుపు మండింది. బడికెందుకు రాలేదన్న ప్రశ్నకి పిల్ల "బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్" అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశారు. "బికాజ్"తో మొదలైంది ఆశ్రిత వాక్యమట, ఒంటరిగా నిలబడకూడదట. మన దగ్గర "ఏఁ రాలేదే?" అంటే "వానని" అంటాం. అయిపోయింది! ఆ ఒక్క ముక్కే గొడుగేసుకుని నిలబడుతుంది. పైగా కురిసేది వానైతే, ఈ "ఇట్" ఎవరు? కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టిన డమ్మీ. మనకా బెంగ లేదు. "ఆయన మా మేష్టారు" అంటే క్రియే లేదు, అయినా ఆయన మేష్టారే. జీతం కూడా తీసుకుంటారు.

కాబట్టి క్రియని తక్షణం క్యూ చివరికి పంపాలని ఒక వినతిపత్రం ఇంగ్లీషులోనే రాయడం మొదలుపెట్టాను. "వుయ్" అని రాసి ఆగిపోయాను. తర్వాతి మాట క్రియే రావాలి మరి.

ఈలోగా మనవరాలు సొంతంగా ఒక కాంప్లెక్స్ వాక్యం రాసి, టిక్కు కొట్టించుకుని తెచ్చింది. "వెన్ మై గ్రాండ్‌ఫాదర్ టాట్ మి గ్రామర్, ఐ స్లెప్ట్." తప్పు పట్టడానికేమీ లేదు. కర్తలిద్దరు, క్రియలు రెండు, కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. నేనూ నా పాఠమూ ఆశ్రిత వాక్యం. ఆమె నిద్ర ప్రధాన వాక్యం. నన్ను కొట్టేసినా అది నిక్షేపంగా నిలబడుతుంది.