సింగపూర్ టిష్యూ ప్యాకెట్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టిష్యూ ప్యాకెట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఈ ఉత్తరం అందేసరికి మీరు ఏ హాకర్ సెంటర్లో ఏ టేబుల్ మీద వెల్లకిలా పడుకుని ఉంటారో తెలియదు గానీ, టైము మధ్యాహ్నం పన్నెండున్నర అయితే మాత్రం డ్యూటీలోనే ఉంటారని తెలుసు. సింగపూర్ వెళ్లొచ్చిన మావాళ్లంతా సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం నోట్లోంచి పడే నీళ్లు తమ నోట్లో పడుతున్నట్టు ఫొటో దిగి, మూడు బిల్డింగుల నెత్తిన పడవ పెట్టిన హోటల్ గురించి చెప్పి, ముస్తఫా షాపులో కొన్న చాక్లెట్లు పంచి ఊరుకుంటారు. మీ ఊసే ఎత్తరు. ఆ దేశానికి ప్రధానమంత్రి, పార్లమెంటు, కోర్టులు అన్నీ ఉన్నాయి నిజమే, కానీ లంచ్ టైములో అధికారం ఎవరి చేతిలో ఉంటుందో కళ్లారా చూసొచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మిమ్మల్ని ఎరగని పాఠకుల కోసం రెండు ముక్కలు. హాకర్ సెంటర్ అంటే చుట్టూ చిన్న చిన్న తిండి కొట్లు, మధ్యలో నేలకు బిగించేసిన టేబుళ్లు, స్టూళ్లు, పైన ఫ్యాన్లు. ఏసీ ఉండదు. ఒకప్పుడు రోడ్ల మీద బండి పెట్టుకున్నవాళ్లను 1970లు, 80ల్లో ప్రభుత్వం ఇలాంటి షెడ్ల కిందికి చేర్చింది. 2020లో యునెస్కో వాళ్లు ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. అక్కడ చికెన్ రైస్ కావాలన్నా, లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్లో పరోటా కావాలన్నా కొట్టు ముందు లైన్లో నిలబడాలి. నిలబడి ట్రే పట్టుకుని వెనక్కి తిరిగేసరికి కూర్చోడానికి చోటు ఉండదు. అందుకని ఆఫీసుల జనం ముందుగా వచ్చి, ఖాళీ టేబుల్ మీద మిమ్మల్ని పడేసి, అప్పుడు నింపాదిగా లైన్లోకి వెళతారు. దీన్నే చోప్ చేయడం అంటారు. మీరు దొరకని రోజున గొడుగు పెడతారు, మెడలోని ఆఫీసు ఐడీ కార్డు కూడా తీసి పెట్టేస్తారు. మా దగ్గర ఐడీ కార్డు అలా వదిలేసి వెళితే సాయంత్రానికల్లా దాని మీద రెండు సిమ్ కార్డులు, ఒక పర్సనల్ లోను తయారవుతాయి.

అయ్యా, నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. ఆ ఊళ్లో ప్రతిదానికీ బోర్డు ఉంటుంది, బోర్డు మీద జరిమానా ఉంటుంది. మెట్రో రైల్లో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా, సిగరెట్ కాలిస్తే 1,000 దాకా, మండే సరుకు తెస్తే 5,000 దాకా. (అదే బోర్డు మీద దురియన్ పండు కూడా తేకూడదని ఉంటుంది, దానికి మాత్రం రేటు రాయరు. ఆ వాసన పీల్చిన వాళ్లను వేరే శిక్షించనక్కర్లేదని కాబోలు.) చూయింగ్ గమ్‌ను 1992లోనే దేశంలోకి రానివ్వడం మానేశారు. తిన్న ట్రేను మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలని 2021 నుంచి హాకర్ సెంటర్లలో గట్టిగా అమలు చేస్తున్నారు; మొదటిసారి రాతపూర్వకంగా హెచ్చరిస్తారు, మళ్లీ దొరికితే 300 డాలర్లు. ఇన్ని రాసుకున్న దేశంలో, టిష్యూ ప్యాకెట్ పడి ఉన్న టేబుల్ దగ్గర కూర్చోకూడదని ఏ చట్టంలోనూ లేదు. బోర్డు లేదు, జరిమానా లేదు, కెమెరా చూడదు. అయినా మిమ్మల్ని పక్కకు జరిపే మగాడు ఆ జనంలో కనబడలేదు.

పైగా అది జాగా విలువ ఎరిగిన దేశం. స్వాతంత్ర్యం వచ్చిన 1965లో దాదాపు 580 చదరపు కిలోమీటర్లు ఉంటే, సముద్రంలో ఇసుక పోసుకుంటూ పోసుకుంటూ ఇప్పుడు 730 దాటించారు. అక్కడ కారు కొనాలంటే ముందు కారు కొనుక్కునే హక్కు కొనుక్కోవాలి, అదీ వేలంలో, అదీ పదేళ్లకే. ఆ కాగితం ఒక్కటే లక్ష సింగపూర్ డాలర్లు దాటిన సందర్భాలున్నాయి, దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోకండి, తిన్నది అరగదు. అలాంటి చోట నడిబొడ్డున నలుగురు కూర్చునే స్థలాన్ని మీరు రిజిస్ట్రేషన్ లేకుండా, స్టాంపు డ్యూటీ లేకుండా పావుగంట పాటు స్వాధీనం చేసుకుంటున్నారంటే, మా రియల్ ఎస్టేట్ వాళ్లు మీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి.

మా బాబాయికి మీరు మొదట్లో బోధపడలేదు. మ్యాక్స్‌వెల్ హాకర్ సెంటర్లో జనం కిటకిటలాడుతుంటే ఖాళీ టేబుల్ చూసి సంబరపడి, "ఎవరో పాపం ప్యాకెట్ మర్చిపోయారు" అని చెయ్యి చాపాడు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఒక్క గెంతులో వచ్చి ఆపాడు.

"నాన్నా, ముట్టుకోకు. ఆ టేబుల్‌కి మనుషులున్నారు."

"ఏరిరా మనుషులు?"

"ప్యాకెట్ ఉంది కదా."

"ప్యాకెట్ తింటుందేమిట్రా అన్నం?"

తమ్ముడు జవాబు చెప్పలేదు. ఆ దేశంలో పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసుకున్నవాడు, వాడి భయం వాడిది. మేం ముగ్గురం వేడి వేడి ట్రేలు పట్టుకుని, పరీక్షకు ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా ఆ వరుస నుంచి ఈ వరుసకి తిరిగాం. ఖాళీ స్టూళ్లు మా కళ్లెదుటే ఉన్నాయి, వాటి మీద మీ వాళ్లు సర్వాధికారాలతో పవళించి ఉన్నారు. ఒక బ్యాంకు ప్రకటన అచ్చేసిన ప్యాకెట్ ఒకటి ఏకంగా ఆరుగురి టేబుల్‌ని ఏలుతోంది.

న్యాయంగా చెప్పాలంటే ఒంటరిగా తినేవాడికి మీరు కావాలి. అతను లైన్లోకి వెళితే టేబుల్ పోతుంది, టేబుల్ దగ్గర ఉంటే అన్నం రాదు. దాన్ని నేను కాదనను. నా గొడవ అది కాదు. ట్రే పట్టుకుని చేతులు వణుకుతూ నిలబడ్డ డెబ్బై ఏళ్ల పెద్దాయన ముందు కూడా మీరు కదలరు చూశారా, దాని గురించి. 2017లో తో పాయో అనే పేటలోని ఒక హాకర్ సెంటర్లో టేబుల్ మాదంటే మాదని ఒక జంట ఓ పెద్దాయనతో గొడవపడి, అతన్ని తోసిన వీడియో ఊరంతా తిరిగింది. కోర్టు ఆ ఇద్దరికీ జరిమానా వేసింది. తోసినందుకూ దుర్భాషలాడినందుకూ అక్కడ చట్టం ఉంది మరి. కదలకుండా పడి ఉన్నందుకు మాత్రం లేదు, ఆ సంగతి మీకు బాగా తెలుసు.

ఇంకో విషయం ఉంది, చెప్పకుండా ఉండలేను. మిమ్మల్ని అమ్మేది ఎవరనుకున్నారు? అవే హాకర్ సెంటర్లలో టేబుల్ టేబుల్‌కీ తిరిగే ముసలివాళ్లు, వీల్‌చైర్ మీద వచ్చేవాళ్లు. సీట్లు పట్టి పెట్టే సరుకంతా వాళ్ల సంచుల్లో ఉంటుంది, వాళ్లు మాత్రం నిలబడే ఉంటారు. మావాళ్లు ప్రతి వస్తువునూ రూపాయల్లోకి గుణించి చూస్తారు కదా, ఈ లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు.

మీ అసలు ఉద్యోగం ఏమిటో గుర్తుందా మరి? భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న ఊరు, ఒళ్లంతా ధారలు కట్టే ఉక్క, అందులో సాంబల్ అనే మిరపకాయ పచ్చడి వేసుకుని తిన్నామంటే కళ్లూ ముక్కూ ఏకమవుతాయి. చెమట తుడుచుకోడానికి పుట్టారు మీరు. కానీ మిమ్మల్ని తీసి ముఖం తుడుచుకుంటే టేబుల్ పోతుంది. అందువల్ల అక్కడి జనం మోచేత్తో నుదురు తుడుచుకుంటూ లైన్లో నిలబడతారు, మీరేమో ఫ్యాన్ కింద పడుకుంటారు. ప్రమోషన్ వచ్చాక పాత పని చెయ్యని ఉద్యోగుల్ని మా దగ్గర కూడా చూశాం లెండి.

మా నాయకులకు సింగపూర్ అంటే ప్రాణం. ఊరికో ఫ్లైఓవర్ పడితే చాలు సింగపూర్ చేసేశామంటారు. అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసింది మీ దేశపు సంస్థలే. స్టార్టప్ ఏరియా కడతామని వచ్చిన మీ కన్సార్టియంతో ఒప్పందం 2019లో రద్దయింది, ఆ కథ మళ్లీ వేరే. ఆ బొమ్మల్లో నదీతీరం, గాజు మేడలు, సైకిల్ దారులు అన్నీ చూశాను. మీరు మాత్రం ఎక్కడా లేరు. అసలు సరుకును వదిలేసి బిల్డింగుల బొమ్మలు పట్టుకొచ్చుకున్నాం అంటాడు బాబాయి.

ఎందుకంటే ఈ విద్యలో మాకూ పేరుంది. పండగ రోజుల్లో విజయవాడ బస్టాండుకు వచ్చి చూడండి, బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదికి రాకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, కర్చీఫులు, చేతిసంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా లోపలికి వెళ్లిపోతారు. తేడా ఒక్కటే: మీ దగ్గర ప్యాకెట్ పడితే మాట అయిపోతుంది, మా దగ్గర కర్చీఫ్ పడ్డాకే మాట మొదలవుతుంది. "కర్చీఫ్ వేస్తే సీటు నీదైపోద్దా?" అనే ప్రశ్నకు ఇంతవరకూ ఏ కండక్టరూ తీర్పు ఇవ్వలేదు.

బాబాయి వచ్చేటప్పుడు మీ వాళ్లను ఒక డజను సూట్‌కేసులో వేసుకొచ్చాడు. మొన్న సంక్రాంతికి గుడివాడ బస్సు రాగానే కిటికీలోంచి ఒకదాన్ని గురిచూసి విసిరాడు, సరిగ్గా సీటు మధ్యలో పడింది, సింగపూర్ వాడిలా నింపాదిగా వెనక డోర్ నుంచి ఎక్కాడు. అప్పటికే అక్కడ ఒకావిడ కూర్చుని ఉంది. మీ ప్యాకెట్ విప్పి, ఒకటి తీసుకుని మెడ తుడుచుకుని, మిగతావి బాబాయి చేతిలో పెట్టి, "నీదేనా నాయనా? మెత్తగా బాగున్నాయి, మా పిల్లదానికి ఇంకో రెండు ఇవ్వు" అంది.

ఇట్లు,
మీ వల్ల నిలబడి తిన్న ఒక తెలుగు యాత్రికుడు